కోత పార్టీ, కెమెరా పార్టీ, మధ్యలో నా అపెండిక్స్

ముప్పై నాలుగేళ్లు ఆపరేషన్ థియేటర్లో సిస్టర్‌గా పనిచేశాను. సర్జన్ చెయ్యి చాపితే కత్తి పెట్టడం, మళ్లీ చాపితే కత్తెర పెట్టడం, చివర్లో గాజుగుడ్డలన్నీ బయటికి వచ్చాయో లేదో చూసి చెప్పడం నా పని. అపెండిక్స్ ఆపరేషన్ గురించి నాకు తెలియనిది లేదని నా నమ్మకం. రిటైర్మెంటుకు ఎనిమిది నెలల ముందు నా అపెండిక్సే వాచి, ఆ బల్ల మీద నేనే పడుకోవలసి వచ్చినప్పుడు ఆ నమ్మకం కాస్తా ఊడిపోయింది.

ఇప్పుడు థియేటర్ డ్యూటీలో కొత్తగా చేరిన ఆడపిల్లలు నాకు ఫోన్లు చేస్తుంటారు. "అమ్మా, కోసి తీసేది మంచిగుంటదా, కెమెరా పెట్టి తీసేది మంచిగుంటదా?" అని అడుగుతారు. ఫోన్లో చెబితే బ్యాలెన్స్ అయిపోతుంది గానీ జవాబు అవదు. అందుకే రాస్తున్నాను. నాకు ఏ ప్రమోషన్ ఎప్పుడొచ్చింది, ఎవరు అడ్డం పడ్డారు అన్న చెత్త ఇందులో ఉండదు. ఇద్దరు డాక్టర్లు, మూడు పొట్టలు, అంతే. మూడో పొట్ట నాది. బతికానని ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే ఇది రాస్తున్నదెవరు?

పెద్దసారు చాయ్

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. పెద్దపేగు మొదట్లో చిటికెన వేలంత తోక ఒకటి ఉంటుంది. అదే అపెండిక్స్. అది వాస్తే వచ్చే నొప్పిని మనవాళ్లు ఇరవై నాలుగ్గంటల కడుపునొప్పి అంటారు. ఆలస్యం చేస్తే ఆ తోక పగిలి చీము కడుపంతా పాకుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. తీయడానికి రెండు దారులు. ఒకటి, కుడివైపు పొత్తికడుపు మీద కోసి, చేత్తో వెతికి తీయడం. రెండోది, మూడు చిన్న రంధ్రాలు చేసి, గ్యాస్‌తో పొట్ట ఉబ్బించి, ఒక రంధ్రంలోంచి కెమెరా పంపి, టీవీ తెర మీద చూస్తూ పొడుగాటి పనిముట్లతో తీయడం.

నేను చేరినప్పుడు రెండోది మాకు తెలియదు. పాతబస్తీలో మా సర్కారు దవాఖానకు ఒకే ఒక రాజు, పెద్దసారు. ఆయనది కోత. అలాంటి ఇలాంటి కోత కాదు, రెండు వేళ్లు పట్టేంత. ఆ కోతలో వేలు పెట్టి, కళ్లు పైకప్పు మీద పెట్టి, జేబులో తాళంచెవి వెతుక్కున్నట్టు వెతికి తోకను బయటికి లాగేవారు. చేతులు కడుక్కోబోయే ముందు క్యాంటీన్ నుంచి చాయ్ తెప్పించుకుని బయట బల్ల మీద పెట్టించేవారు. కుట్లు వేసి బయటికి వచ్చి తాగితే చాయ్ వేడిగా ఉండాలి. అది ఆయన పంతం. జూనియర్ డాక్టర్లందరికీ ఆ చాయ్ చూపించి పాఠం చెప్పేవారు.

ఆ చాయ్‌ని చాలాసార్లు నేనే మళ్లీ వేడి చేయించాను. ఆయనకు ఈ రోజుకీ తెలియదు. ఇది చదివితే తెలుస్తుంది. సార్, మన్నించాలి, మీ చెయ్యి ఎంత వేగమైనా మన క్యాంటీన్ కప్పులు పలుచన.

చెయ్యి బంగారం, నోరు మాత్రం మిరపకాయ. కత్తెర ఒక్క క్షణం ఆలస్యమైతే "ఏంది కరుణమ్మా, ఇత్తనం ఏసి మొలిపిచ్చి తెస్తున్నవా?" అనేవారు. ఇంకో సంగతీ ఉంది. ఆయన వేళ్లు కూడా తప్పాయి. ఒకసారి ఒక ఆడమనిషికి అపెండిక్స్ అనుకుని కోస్తే, లోపల అపెండిక్స్ చక్కగా పింక్‌గా నవ్వుతూ ఉంది. నొప్పి అండాశయంలో గడ్డ మెలితిరిగినందుకు వచ్చింది. రెండు వేళ్ల కోత జానెడైంది. ఆ రోజు కెమెరా ఉంటే ముందే కనిపించేది. ఆడవాళ్ల కడుపునొప్పిలో కెమెరాకు ఉన్న పెద్ద లాభం ఇదే, గుర్తు పెట్టుకోండి.

అఫ్రీన్ మేడం టీవీ

ఆ తర్వాత చాన్నాళ్లకు రెండో సర్జన్‌గా అఫ్రీన్ మేడం వచ్చింది. సన్నగా, నెమ్మదిగా, నవ్వితే పళ్లు కనిపించని మనిషి. ఆమె వెనకాలే కెమెరా మెషీన్ కూడా వచ్చింది. మొదటి రోజు పెద్దసారు నడుం మీద చేతులు పెట్టుకుని ఆ తెరను కింది నుంచి పైకి చూశారు.

"ఇంటర్వెల్ ఎప్పుడమ్మా అఫ్రీన్? సమోసాలు తెప్పియ్యాల్నా?"

"తెప్పియ్యండి సార్. మీ చాయ్‌తోని తింటా" అంది ఆమె, తల ఎత్తకుండానే.

అప్పటి నుంచి మా థియేటర్లో రెండు పార్టీలు. మత్తు డాక్టర్ కోత పార్టీ, ఎందుకంటే కోతకైతే వెన్నులో మత్తు సూది ఇస్తే సరిపోతుంది, కెమెరాకు పూర్తి మత్తు ఇచ్చి గొంతులో గొట్టం వెయ్యాలి. జూనియర్లంతా కెమెరా పార్టీ, ఎందుకంటే కోతలో వాళ్లకు పెద్దసారు వీపు తప్ప ఏమీ కనిపించదు. నేనా? ఎవరి టేబుల్ దగ్గర నిలబడితే వాళ్ల పార్టీ. ఇటు మాట అటు, అటు మాట ఇటు మోసి, మధ్యలో కొంచెం మసాలా కూడా చల్లేదాన్ని. మంచి పని కాదని తెలుసు. కానీ మస్తు మజా వచ్చేది.

మా దగ్గర ఒక అలవాటు ఉంది. తీసిన అపెండిక్స్‌ను స్టీలు డిష్‌లో పెట్టి బయట ఉన్న ఇంటివాళ్లకు చూపించాలి. చూపించకపోతే తీసినట్టు నమ్మరు. బహదూర్‌పురాలో బర్రెలున్న యాదమ్మకు కెమెరాతో తీసిన రోజు నేను డిష్ పట్టుకుని బయటికి వెళ్లాను. ఆమె భర్త మల్లేశ్ డిష్‌లోకి తొంగి చూశాడు.

"గిదా? కోత ఎంత పడ్డది సిస్టర్?"

"కోత లేదన్నా. మూడు చిన్న బొక్కలు."

"బొక్కలకెల్లి గిది ఎట్లొస్తది? మీరు ఎవల్దో తెచ్చి చూపిస్తున్నరా ఏంది?"

లొల్లి మొదలైంది. వాళ్ల తమ్ముడు, బావమరిది, పాలు పోసే ఇళ్లవాళ్లిద్దరు, అందరూ డిష్ చుట్టూ మూగారు. పక్క నుంచి పోతున్న పెద్దసారు ఆగి, "మంచిగడిగినవ్ మల్లేశ్, గట్టిగడుగు" అని ఎగదోసి వెళ్లిపోయారు. చివరికి అఫ్రీన్ మేడం బయటికొచ్చి బొమ్మ గీసి చెప్పింది. మల్లేశ్ తల ఊపాడు గానీ నమ్మలేదు. మూడో రోజు యాదమ్మ తన కాళ్ల మీద తాను నడుచుకుంటూ ఇంటికి పోయింది. పది రోజులకు పెరుగు ముంత తీసుకుని వచ్చి, "బర్రెల కాడ పాలు పిండ కూసుంటున్న మేడం" అంది. ఆ తర్వాత ఆ బస్తీ నుంచి ఎవరొచ్చినా "మాకు యాదమ్మకు చేసిన బొక్కల ఆపరేషనే కావాలె" అని పట్టుబట్టేవాళ్లు, కాలు విరిగినవాళ్లతో సహా.

కెమెరాకు నొప్పి తక్కువ, గాయం చీము పట్టడం తక్కువ, మనిషి తొందరగా పనిలో పడతాడు. లావుపాటి వాళ్లకు మరీ మంచిది. కానీ నింపిన గ్యాస్ వల్ల రెండు రోజులు భుజం గుంజుతుంది, మెషీన్ పనిచెయ్యాలి, నేర్చిన చెయ్యి కావాలి. కోతకు ఇవేవీ అక్కర్లేదు. కత్తీ, లైటూ, పెద్దసారులాంటి ఒక మనిషీ ఉంటే చాలు.

రాంసింగ్, నా జేబులో తాళంచెవి

ఇప్పుడు నవ్వు ఆపి ఒక తప్పు చెప్పాలి.

కెమెరా ఆపరేషన్ చేసేటప్పుడు కూడా కోత సామాన్ల ట్రే విప్పడానికి సిద్ధంగా పక్కనే ఉండాలి. లోపల కుదరకపోతే వెంటనే కొయ్యాలి కదా. ఇది నాకు నా సీనియర్ సిస్టర్ నేర్పిన మొదటి పాఠం. అఫ్రీన్ మేడంకు ఆ ట్రే అంటే చిరాకు. "సిస్టర్, అది కండ్ల ముందట ఉంటే నేను ఫెయిలైతనని మీరు ముందే రాసిపెట్టినట్టుంటది" అనేది. పోట్లాడి పోట్లాడి నేనూ విసిగిపోయాను. ట్రేను వరండా అవతల బీరువాలో పెట్టి తాళం వేయడం మొదలుపెట్టాను. మేడం సంతోషించింది. నన్ను బెస్ట్ సిస్టర్ అంది. పొగడ్తకు పడిపోయాను, ఒప్పుకుంటున్నాను.

అప్పుడు వచ్చాడు రాంసింగ్. ధూల్‌పేట్‌లో గణేశులు చేసే మనిషి. చవితికి ఇంకా మూడు వారాలుంది. కొట్టం నిండా రంగు వెయ్యాల్సిన విగ్రహాలు. "బరువు లేపాలె మేడం, బొక్కలదే చెయ్యండి, జల్దీ పంపియ్యండి" అని దండం పెట్టాడు. లోపల అపెండిక్స్ పేగు వెనక్కి తిరిగి అతుక్కుని ఉంది. మేడం లాగింది, విడదీసింది, మళ్లీ లాగింది. అరగంట, ముప్పావుగంట, గంట. ఇక కొయ్యాలని అక్కడున్న అందరికీ తెలుసు. ఎవ్వరం నోరు విప్పలేదు. కోస్తే పెద్దసారు ఏమంటారో అన్నది ఆమె మెదడులో తిరుగుతోందని నాకు తెలుసు. ఆ మాటలు మోసిందీ నేనే కదా.

ఒక్కసారిగా రక్తం. తెరంతా ఎరుపు. "ఓపెన్ సెట్!" అంది మేడం.

ట్రే బీరువాలో. బీరువాకు తాళం. తాళంచెవి బట్టలు మార్చుకునే గదిలో, నా ఏప్రన్ జేబులో. పరిగెత్తాను. ఎన్ని నిమిషాలు పట్టిందో చెప్పలేను, నాకు మాత్రం చార్మినార్ చుట్టి వచ్చినంత అనిపించింది. నేను తిరిగి వచ్చేసరికి ఎవరో పెద్దసారును పిలిచారు. ఆయన గ్లవ్స్ వేసుకుంటూ వచ్చి అఫ్రీన్ మేడం చేతిలోంచి కత్తి తీసుకుని, అందరి ముందూ "జరుగు" అన్నారు. ఆమె జరిగింది.

రాంసింగ్ బతికాడు. పన్నెండు రోజులు మంచం మీదే ఉన్నాడు. బరువులన్నీ అన్నదమ్ములు లేపారు, ఆయన కుర్చీలో కూర్చుని విగ్రహాలకు కళ్లు దిద్దాడట. ట్రే ఎందుకు లేదని పెద్దసారు అరిచినప్పుడు అఫ్రీన్ మేడం నేల చూస్తూ నిలబడింది. నా పేరు చెప్పలేదు. నేనూ చెప్పలేదు. ఆ రోజు నుంచి ట్రే మళ్లీ పక్కనే ఉంటోంది గానీ, ఆమె చెయ్యి మాత్రం మారిపోయింది. లోపల కొంచెం కష్టం కనిపిస్తే చాలు, పనిముట్లు అక్కడే ఆగిపోయేవి. "సారును పిలవండి" అనేది. సారు వచ్చేదాకా అందరం ఆమె కళ్లలోకి చూడకుండా నిలబడేవాళ్లం.

బిర్యానీ మీద నెపం

ఇక నా వంతు. ఒక ఆదివారం మధ్యాహ్నం జల్‌పల్లిలో మా గల్లీలోనే ఒక పెండ్లి దావత్. బిర్యానీ తిన్నాను, డబల్ కా మీఠా రెండుసార్లు తిన్నాను. సాయంత్రానికి బొడ్డు చుట్టూ నొప్పి. మా ఆయన దేవదానం బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి నాకంటే ముందే రిటైరయ్యాడు. ఇంజన్ చప్పుడులో చిన్న తేడా వచ్చినా పట్టేస్తాడు.

"దవాఖానకు పోదామా?"

"నేనే దవాఖాన. పోయి పండుకో."

ఓమ నీళ్లు తాగాను, గ్యాస్ గోలీ వేసుకున్నాను. తెల్లారేసరికి నొప్పి బొడ్డు దగ్గర్నుంచి కుడివైపు కిందికి దిగింది. బొడ్డు దగ్గర మొదలై కుడికి దిగితే అపెండిక్స్ అని ఎన్ని బ్యాచుల పిల్లలకు వల్లె వేయించానో! నా కడుపులో దిగితే మాత్రం గ్యాస్ కిందికి దిగుతోంది, ఇంకాసేపట్లో పోతుంది అనుకున్నాను. ఇది థియేటర్ వాళ్లకే వచ్చే జబ్బు. రోగాలన్నీ బల్ల మీద పడుకున్నవాళ్లకే వస్తాయి, పక్కన నిలబడ్డవాళ్లకు రావని మా ధీమా.

డ్యూటీకి వెళ్లి, నడుం నొప్పి అని అబద్ధం చెప్పి, మత్తు టెక్నీషియన్‌తో నొప్పి ఇంజక్షన్ పొడిపించుకున్నాను. ఇది మరీ పెద్ద తప్పు. నొప్పి తగ్గింది, జబ్బు మాత్రం హాయిగా లోపల పెరిగింది. సోమవారం మొదటి కేసు ఏమిటో తెలుసా? అపెండిక్స్. అఫ్రీన్ మేడం, కెమెరా. నా అపెండిక్స్ నాలో కుళ్లుతుంటే, ఇంకొకరి అపెండిక్స్ తియ్యడానికి నేను పనిముట్లు అందిస్తున్నాను. కేసు తేలిగ్గా అయిపోయింది. కుట్టు వేస్తూ మేడం నా వైపు చూసింది.

"సిస్టర్, మీరేంది వంగి నిలబడ్డరు? కుంటుతున్నరు గూడ."

"చెప్పు కరిచింది మేడం."

"థియేటర్ల రబ్బరు చెప్పులు కరిచినయా?" గ్లవ్స్ తీసి నా ఎదురుగా నిలబడింది. "మడమలు లేపి దబ్బున దిగండి."

అపెండిక్స్ వాచిందో లేదో పట్టించే పరీక్ష అది. ఎగిరినంత పని చేసి దిగాను. కుడివైపు ఎవరో కత్తి దించినట్టయింది. "అయ్యో నాయనో" అని గోడ పట్టుకున్నాను. అందరూ నవ్వబోయి ఆగిపోయారు.

నా పొట్ట మీద పంచాయతీ

పెద్దసారు వచ్చి నా పొట్ట మీద చెయ్యి వేశారు. పొట్ట చెక్కలా బిగుసుకుని ఉంది. జ్వరం నూట రెండు. స్కానింగ్‌లో అపెండిక్స్ వాపు, చుట్టూ నీరు కనిపించాయి. పగిలిందో, పగలబోతోందో చెప్పలేమన్నారు. నా మంచానికి చెరోవైపు నిలబడి ఇద్దరూ మొదలుపెట్టారు.

"కోసి తీసేస్తే అయిపాయె. దీనికి సినిమా ఎందుకు?" అన్నారు పెద్దసారు.

"సార్, ఆమె బరువు చూడండి. గంత కొవ్వుల కోస్తే గాయం చీము పడ్తది. ముందుగాల కెమెరాతోని చూద్దాం."

"చీము లోపలే ఉంటే?"

"చూస్తేనే కదా తెలిసేది సార్!"

నా బరువు గురించి వార్డంతా వినేటట్టు మాట్లాడుతున్నారు. మామూలు రోజైతే ఇద్దరికీ తలా ఒక చురక వేసేదాన్ని. ఆ రోజు దుప్పటి పొట్ట మీదికి లాక్కున్నాను. భయం వేసింది. ఉత్త భయం కాదు, తెలిసినదాని భయం. పగిలిన అపెండిక్స్ ఎంతదూరం తీసుకుపోతుందో నేను కళ్లారా చూశాను. మా ఆయన వైపు చూశాను. "నీ ఇష్టం, నువ్వే కదా దవాఖాన" అన్నాడు.

నా లెక్క ఇది. నా ఒంటికి మొదట కెమెరాయే మంచిది, అందులో మేడం మాటే నిజం. కానీ లోపల చెడిపోయి ఉంటే కొయ్యాలి. అప్పుడు ఆమె చెయ్యి ఆగిపోతే? సారును పిలవండి అని ఎదురుచూస్తూ నిలబడితే? పెద్దసారుకు అప్పజెబితే ఆ గొడవే ఉండదు. నా ప్రాణం ఎవరి చేతిలో పెట్టాలన్నదే ఇక మిగిలింది.

అందరినీ బయటికి పంపి మేడంను ఉండమన్నాను.

"మేడం, రాంసింగ్ రోజు ట్రే బీరువాల పెట్టి తాళం ఏసింది నేను. సారు మిమ్మల్ని తిట్టినప్పుడు నేను నోరు ఇప్పలే. మీరు నా పేరు చెప్పలే."

"తెల్సు సిస్టర్."

"ఎందుకు చెప్పలే?"

ఆమె నా డ్రిప్ సీసా వైపు చూస్తూ అంది. "ట్రే పక్కకున్నా గూడ నేను గంట దాకా అడగకపోదును. తప్పు మీ తాళానిది ఒక్కదానిదే కాదు."

"అయితే ఇయ్యాల అడగండి. పది నిమిషాలు చూడండి, కుదరకపోతే కొయ్యండి. నా పొట్ట అందం ఫికర్ వద్దు, ఇది ఎవ్వరికి చూపించేదున్నది? కానీ మీరే కొయ్యాలె. సారును పిలుస్త అంటే నేను ఇప్పుడే లేచి ఇంటికి పోత."

ఆమె డ్రిప్ వేగం సరిచేసింది. తర్వాత, "సారు లోపలుంటరా?" అంది.

"ఉంటరు. నోరు మూసుకొని."

పెద్దసారును పిలిచి అదే చెప్పాను. ఆయన కళ్లద్దాలు పైకి తోసుకున్నారు. "నా థియేటర్ల నా నోరు మూసినోళ్లు ఇప్పటిదాక పుట్టలే కరుణమ్మా."

"ఇయ్యాల పుట్టిండ్రు సార్. నా కడుపు, నా రూలు."

సంతకం పెట్టాను. కాగితంలో ఉన్నది కూడా అదే: కెమెరాతో మొదలుపెడతాం, అవసరమైతే కోస్తాం. వేలమంది చేత ఆ వాక్యం మీద సంతకం పెట్టించాను. దాన్ని నిదానంగా చదివింది మాత్రం ఆ రోజే.

ఓపెన్

మిగతాది నా చోట నిలబడ్డ సంధ్య సిస్టర్ చెప్పగా విన్నది. కెమెరా లోపలికి పోగానే చీము కనిపించిందట. మేడం కడిగింది. అపెండిక్స్ మొదలు కుళ్లి, పేగుకు అతుక్కుని ఉంది. ఒకసారి లేపి చూసింది, ఇంకోసారి లేపి చూసింది. పనిముట్లు ఒక్క క్షణం ఆగాయి. థియేటర్లో అందరూ పెద్దసారు వైపు చూశారు. ఆయన ఒక మూల నిలబడి ఉన్నారు.

"ఓపెన్" అంది మేడం. మంచినీళ్లు అడిగినట్టు అందట. ట్రే విప్పారు. ఆమే కోసింది, ఆమే పేగు విడదీసింది, ఆమే తోకను కట్టి తీసింది, మళ్లీ కడిగింది, చీము బయటికి కారడానికి గొట్టం పెట్టి మూసింది. పెద్దసారు రెండుసార్లు ముందుకు వంగి చూశారు గానీ ఒక్క మాట అనలేదు. సంధ్యకు అన్నిటికంటే ఆశ్చర్యం కలిగించింది అదేనట.

నాకు మెలకువ వచ్చేసరికి పొట్ట మీద మూడు రంధ్రాలు, ఒక కోత, పక్కన ఒక గొట్టం. గ్యాస్ వల్ల భుజం కూడా గుంజుతోంది. రెండు పార్టీలూ నా పొట్ట మీదే జెండాలు పాతాయి. తొమ్మిది రోజులు ఉన్నాను. గాయం మేడం భయపడినట్టే కొంచెం చెమ్మ కారింది, తర్వాత మానింది.

కాబట్టి పిల్లలూ, మీ ప్రశ్నకు నా జవాబు. తొందరగా దవాఖానకు వచ్చిన అపెండిక్స్‌కు, మెషీన్ బాగుండి, నేర్చిన చెయ్యి ఉంటే కెమెరాయే మేలు. అవి లేని చోట కోత చేసే మంచి సర్జన్ ఉంటే మొహమాటపడకుండా అక్కడే చేయించుకోవచ్చు. కెమెరాతో మొదలుపెట్టి కొయ్యాల్సి వస్తే దాన్ని ఎవరూ ఓటమి అనకూడదు, అన్నవాళ్ల చాయ్ చల్లగా ఇవ్వండి. ట్రే మాత్రం పక్కనే ఉంచండి, మిమ్మల్ని ఎవరు ఎంత పొగిడినా సరే. ఇక నాలాంటి తెలివిగలవాళ్లకు ఒక మాట. ఆదివారం సాయంత్రమే వచ్చి ఉంటే మూడు రంధ్రాలతో బుధవారానికి ఇంట్లో ఉండేదాన్ని. నా కోతకు కారణం పెద్దసారూ కాదు, అఫ్రీన్ మేడమూ కాదు. నేనూ, నా ఓమ నీళ్లూ.

ఆపరేషన్ అయిన నాలుగో రోజు పెద్దసారు వచ్చి నా మంచం పక్కన స్టూల్ మీద కూర్చున్నారు. కట్టు విప్పి చూశారు. "కుట్లు మంచిగనే ఏసింది" అన్నారు, పక్కింటివాళ్ల గోడ గురించి చెప్పినట్టు.

"సార్, మీరే కోస్తే ఎంతసేపు పడ్తుండె?"

"నలభై నిమిషాలు."

"ఆమెకు గంటన్నర పట్టిందట. మీరు పక్కన ఉండి ఎట్ల ఊకున్నరు?"

"నోరు మూసుకోమన్నది నువ్వే కదా."

"నోరే మూసుకోమన్న సార్. చేతులు కట్టెయ్యలే."

ఆయన కట్టు మళ్లీ చుట్టడం మొదలుపెట్టారు. నర్సు చెయ్యాల్సిన పని, ఆయన ఎన్నడూ చెయ్యనిది. "చేతులు కడుక్కొని గ్లవ్స్ ఏసుకొనే నిలబడ్డ కరుణమ్మా. ఆమె చెయ్యి ఆగితే అందుకుందామని. ఎక్కడ ఆగుతదో అని భయమైంది." టేపు అంటించి లేచారు. "ఆగలే."

"ఈ మాట ఆమెకు చెప్పండి సార్."

"నేనా?" అని, తనను ఎవరో బూతు మాట అనమన్నట్టు చూసి వెళ్లిపోయారు.

సాయంత్రం రౌండ్స్‌కు వచ్చిన అఫ్రీన్ మేడంకు నేనే చెప్పాను. ఉన్నది ఉన్నట్టు చెప్పే అలవాటు నాకు లేదు కాబట్టి, చివర "నాకన్న మంచిగ చేసింది" అని కూడా సారు అన్నట్టు కలిపాను. ఆమె కేస్‌షీట్ మొహానికి అడ్డం పెట్టుకుని కాసేపు చదివింది. తలకిందులుగా పట్టుకున్న సంగతి నేను చెప్పలేదు.

"అబద్ధం సిస్టర్. సారు గట్ల అననే అనరు."

"పోయి అడగండి మరి."

ఆమె నిజంగానే పోయి అడిగిందట. పెద్దసారు పేపర్లోంచి తల ఎత్తలేదట. "అవు, నేనే అన్న. అయితే ఏంది?" అన్నారట.